లేని రోగం

ఏప్రిల్ పదకొండో తారీకు మధ్యాహ్నం నేను సర్వపిండి తిన్నాను. కరీంనగర్‌లో డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి, మెట్ల కింద సిమెంటు బెంచీ మీద కూర్చుని, మా అమ్మాయి హర్షిణి కట్టిచ్చిన డబ్బా విప్పి, అడుగున రాలిన నువ్వులు కూడా వేలితో అద్దుకుని తిన్నాను. పెద్దపేగులో గడ్డ ఉందనీ, అది క్యాన్సర్ గడ్డేననీ, హైదరాబాదు వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలనీ డాక్టరు చెప్పి కాసేపే అయింది. అలాంటి మాట విన్న మనిషికి ముద్ద దిగదనుకునేవాణ్ణి. నాకేమో ఎన్నడూ లేనంత ఆకలేసింది. ఊడ్చుకుంటూ వచ్చిన ఆమె నా కాళ్ళ దగ్గర చీపురు ఆపి, "తినుర్రి సారూ, నేను అటు దిక్కు ఊడ్సుకొస్త" అని పక్కకు తప్పుకుంది. ఆ రోజు నాకు దొరికిన దయ అదొక్కటే.

తిరుగు బస్సులో పెద్దపల్లి దగ్గర ఎల్లేశం ఎక్కాడు. మా బాయి మీద యూనియన్ పనులు చూసే మనిషి. బొగ్గుగనిని మేము బాయి అనే అంటాం. నేను అక్కడ టైం ఆఫీసులో క్లర్కును. ఎల్లేశం నా పక్కన కూలబడి, నా ఒళ్ళో ఉన్న దవాఖాన కవరు చూసి కళ్ళెగరేశాడు.

"ఏంది రఘుపతన్నా, అన్‌ఫిట్‌కు తిరుగుతున్నవా?"

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రోగం ముదిరి పని చేయలేని మనిషిని కంపెనీ మెడికల్ బోర్డు పరీక్షించి అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ ఉద్యోగం అతని కొడుక్కో బిడ్డకో వస్తుంది. అందుకని యాభై దాటిన మనిషి దవాఖానల చుట్టూ తిరుగుతున్నాడంటే గోదావరిఖనిలో ఎవరూ ఏం రోగమని అడగరు. ఏ పిల్లకు పెడుతున్నవని అడుగుతారు. ఇంకో ఊళ్ళో అయితే నా మొహం చూసి ఎవరైనా భయపడేవాళ్ళేమో. ఎల్లేశం నా తొడ మీద చరిచి సంబరపడ్డాడు.

"హర్షిణికే గదా? ఆడపిల్లలకు గూడ ఇస్తున్నరిప్పుడు. మంచి పని చేస్తున్నవన్నా. ఒక్క మాట చెప్పవైతివి, నేను లేనా?"

"చూద్దాం" అన్నాను.

కొలతలివ్వకుండానే ఒంటికి సరిపోయే అంగీ దొరికినట్టయింది నాకు. ఇక ఎన్నిసార్లు దవాఖానకు పోయినా, ఎన్ని సెలవులు పెట్టినా, ఎందుకని ఎవరూ అడగరు.

ఆ అబద్ధం నాకెందుకంత నచ్చిందో చెప్పాలి. నాలుగేళ్ళ కింద నా భార్య శోభ జబ్బుపడ్డప్పుడు మా క్వార్టరు బస్టాండు అయింది. అరుసుకోవడానికి వచ్చినవాళ్ళు బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకొచ్చి, మంచం చుట్టూ కూర్చుని, ఇదే రోగంతో ఎవరెవరు ఎట్లా పోయారో చెప్పుకునేవాళ్ళు. శోభ గోడ వైపు తిరిగి పడుకునేది. హర్షిణి డిగ్రీ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చినవాళ్ళకల్లా చాయ్ పెట్టేది. ఆ చాయ్ గిన్నె కింద మంట ఆరిన గుర్తు లేదు నాకు. ఇప్పుడు ఆ పిల్ల ఒక ప్రైవేటు బడిలో చెబుతూ, జూన్‌లో రాయబోయే టెట్ పరీక్షకు చదువుతోంది. పంతులమ్మ కావాలని దాని కోరిక. దాన్ని మళ్ళీ ఆ గిన్నె ముందు నిలబెట్టేది లేదని బస్సు దిగకముందే నిర్ణయించుకున్నాను. పరీక్ష అయ్యేదాకా ఎవరికీ చెప్పను. వీలైతే ఆ తర్వాత కూడా చెప్పను.

*

మరునాడు పొద్దున్నే నల్లా దగ్గర పక్క క్వార్టరు సారవ్వ బిందె నింపుకుంటూ నన్ను పలకరించింది.

"ఏమన్నా, పిల్లకు నౌకరి పెట్టిస్తున్నవంట! మాకు చెప్తే దిష్టి తాకుతదా?"

"ఇంకా ఏం కాలేదు చెల్లె."

"అయితది అయితది. యాటకూర దావత్ ఇయ్యాలె మరి. ఉత్త మిఠాయితోని సరిపెడ్తే ఊకోం."

ఆమె భర్త పోశం మా బాయిలోనే మొదటి షిఫ్టు దిగుతాడు. నన్ను బావా అంటాడు. ఏ చుట్టరికమూ లేదు, ఇరవై ఏళ్ళ పక్కింటితనం. ఆ వారమే ఒకరోజు షిఫ్టు దిగబోయే ముందు, పది మంది చూస్తుండగా నా కిటికీ ముందు నిలబడి, బోర్డు ముందర ఎట్లా నడవాలో నాకు నేర్పించాడు.

"గిట్ల సూడు బావా. కుడికాలు ఈడ్వాలె. ఎక్కువ ఈడ్సినవనుకో, దొరికిపోతవ్. జరంత. కుర్సీల కూసునేటప్పుడు 'అమ్మా' అనాలె, గట్టిగనద్దు, నీకు నువ్వే అనుకున్నట్టు." టోపీ దీపం తల మీదే ఉంది, అతను నడుం పట్టుకుని వంగి, మా ఆఫీసు గుమ్మం ముందు అటూ ఇటూ నడిచాడు. అందరూ ఈలలు వేశారు.

"పోశం కాకా, నీకే ఇస్తరు అన్‌ఫిట్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నాకెందుకురా, నా కొడుకు ఇంకా తొమ్మిదోది తప్పుకుంటనే ఉన్నడు!"

నేనూ నవ్వాను. నిజానికి అప్పుడు కడుపులో మెలిపెడుతున్నట్టుంది, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. బోర్డు డాక్టర్లు ఇలాంటి నడకలు ఎన్ని చూసి ఉంటారోనన్న ఆలోచన కూడా వచ్చింది. "సారు మొహం సూడుర్రి, ఇప్పటికే నేర్సుకున్నడు!" అన్నాడు పోశం. నాకు ఒళ్ళు మండింది. దొరికిన అంగీ బాగానే ఉంది గాని, లోపల ఉక్కపోత మొదలైంది.

*

హర్షిణికి ఈ మాట నా నుంచి చేరలేదు. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే అడిగింది.

"బాపూ, నువ్వు అన్‌ఫిట్ పెడుతున్నవంట గదా."

"ఎవరన్నరు?"

"ఎవలు అనలేదో అడుగు. కూరగాయలామె గూడ అన్నది. తోటకూర కట్ట ఎక్కువేసి, 'ఇగ మీకేం ఫికర్ మేడం' అన్నది."

నేను కూలర్‌లో నీళ్ళు పోస్తూ ఉండిపోయాను. బయట ఇంకా నిప్పులు చెరుగుతోంది.

"నేను టీచర్ అయిత అని చెప్పిన్నా లేదా? నువ్వు విన్నవ్. తలకాయ గూడ ఊపినవ్."

"ఊపిన."

"మరిదేంది? నీకు లేని రోగం ఉన్నదని చెప్పి నన్ను బాయి మీద కూసోవెడ్తవా? ఇగ నేనేమో బళ్ళె పిల్లలకు అబద్ధమాడద్దని చెప్పుకుంట రావాలె!" ఆమె గొంతు తగ్గింది. "అమ్మ నిజంగ రోగంతోని పోయింది బాపూ. నువ్వు దాంతోని ఆటలాడుతున్నవ్."

నోరు తెరిచాను. ఆమె చంకలో టెట్ పుస్తకం ఉంది. అట్ట ఊడిపోకుండా గోధుమరంగు టేపు వేసుకుంది. నోరు మూసుకుని, కూలర్ మూత పెట్టాను.

ఆనాటి నుంచి మా ఇంట్లో మాటలు కరువయ్యాయి. హర్షిణి అన్నం పెట్టి, గిన్నెలు పక్కన పెట్టి, లోపలి గదిలోకి పోయేది. డాక్టరు కారం తగ్గించమన్నాడు. ఒకరోజు ధైర్యం చేసి, "కూరల కారం జర తక్కువెయ్యి బిడ్డా, కడుపుల మంచిగుంటలేదు" అన్నాను.

"ఇంట్ల గూడ యాక్టింగ్ ఎందుకు బాపూ? ఇక్కడ బోర్డు లేదు గదా."

మరునాడు కూర అంతే ఎర్రగా ఉంది. కాకపోతే పక్కన ఎప్పుడూ లేని పెరుగు గిన్నె ఒకటి పెట్టింది. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలి కిటికీలు గడగడలాడితే, ఆ కిటికీల మీద కూడా కోపమొచ్చింది.

*

మే మొదట్లో ఆఫీసు పని అని చెప్పి హైదరాబాదు పోయి వచ్చాను. స్కానులు తీశారు. గడ్డ ఇంకా పక్కకు పాకలేదన్నారు. అది మంచి మాట. కోసి తీసేసి, పేగు మానేదాకా కొన్ని నెలలు మలం బయటికి పోయేందుకు పొట్ట మీద సంచీ పెడతామన్నారు. అది నాకు నచ్చని మాట. ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసే బల్ల దగ్గర ఒక నర్సమ్మ కూర్చుని ఉంది.

"తోడు ఎవరొస్తారు?"

"నేనే."

"పేషెంటు మీరు కదా. తోడు ఎవరు?"

"తోడు లేకుంటే కాదా?"

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నరు."

"ఉంటే మరి?"

"వాళ్ళకు చెప్పలేదమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. చివాట్లు పెడుతుందనుకున్నాను. "రక్తం ఇచ్చేవాళ్ళు కూడా కావాలి. చెప్పుకుని రండి. మీ రోజు తీసెయ్యను, పెన్సిల్‌తో రాసి ఉంచుతాను" అంది.

తిరుగు రైలంతా ఆ దవాఖాన నిబంధనల్ని తిట్టుకుంటూ వచ్చాను. కడుపు నాది, రోగం నాది, మధ్యలో వీళ్ళందరూ ఎందుకు? అయినా రక్తం నాకు నేను ఇచ్చుకోలేను. ఆలోచించగా పోశం ఒక్కడికి చెబితే సరిపోతుందనిపించింది. అతను వస్తాడు, ఇద్దరు ముగ్గుర్ని తెస్తాడు, హర్షిణికి తెలియకుండా పని జరిగిపోతుంది.

మరునాడు మొదటి షిఫ్టు విడిచే వేళ, బాయి మీది క్యాంటీన్‌లో అతన్ని మూలకు పిలిచాను. మొహం మీద బొగ్గు ఇంకా కడుక్కోలేదు, కళ్ళూ పళ్ళే తెల్లగా ఉన్నాయి. చాయ్ తెప్పించాను.

"పోశం, నీతోని ఒక ముచ్చట చెప్పాలె. నవ్వద్దు."

"నవ్వ, చెప్పు."

చాయ్ వేడిగా ఉంది. గ్లాసు తిప్పుకుంటూ, ఊదుకుంటూ చెప్పాను. "నాకు పెద్దపేగుల గడ్డ లేసింది. క్యాన్సర్. హైదరాబాద్‌ల ఆపరేషన్ చెయ్యాలంటున్నరు. తోడు ఎవలు లేరు. నువ్వు జర రావాలె."

పోశం నన్ను కన్నార్పకుండా చూశాడు. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి, చప్పట్లు కొట్టాడు.

"శెభాష్ బావా! గిదీ! గిట్ల చెప్పాలె బోర్డు ముంగట. ఏడ్వకుంట, మొత్తుకోకుంట, సల్లగ చెప్పినవ్ సూడు, నా గుండె జల్లుమన్నది!" పక్క బల్ల వైపు తిరిగాడు. "అరే ఇటు రాండ్రి, సారు చెప్తే వినాలె! బావా, ఇంకోపారి చెప్పవా, 'తోడు ఎవలు లేరు' అన్నవ్ గదా, అదొక్కటి."

నేను లేచి నిలబడ్డాను. ఏదో అనాలని ఉంది. ఏమన్నా నటన కిందికే వస్తుంది. అరిచినా, ఏడ్చినా, నిజమని ఒట్టు పెట్టినా వీళ్ళు మెచ్చుకుంటారు. గ్లాసు అక్కడ పడేసి బయటికి నడిచాను.

"కోపమెందుకు బావా? అరే, కాలు ఈడ్సు, కాలు మర్శినవ్!" వెనక నుంచి పోశం.

నెల రోజుల్లో నోరు విప్పి నిజం చెప్పింది ఆ ఒక్కసారే. దానికి నాకు దక్కినవి చప్పట్లు.

*

ఆ వారమే ఎల్లేశం మా ఇంటికి వచ్చి, హర్షిణి ముందే, బోర్డుకు ఏమేం సిద్ధం చేసుకోవాలో చెప్పబోయాడు. ఆమె మంచినీళ్ళు ఇచ్చి, అతను పోయేదాకా ఆగి, నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆఫీసు పని అని పోయింది డాక్టర్ కాడికే గదా. మళ్ళెప్పుడు పోతున్నవ్ హైదరాబాద్?"

"గురువారం."

"నేను గూడ వస్త. ఆ డాక్టర్ ముంగట నేను నిలబడి చెప్త, మా బాపుకు ఏ రోగం లేదని. గప్పుడు గాని నువ్వు ఈ ముచ్చట ఇడిసిపెట్టవ్."

వద్దనడానికి నా దగ్గర పది సాకులున్నాయి. ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని పొద్దుటి నుంచి ఒంట్లో శక్తి లేదు. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి.

"రా" అన్నాను.

గురువారం పొద్దున రామగుండం స్టేషన్‌లో రైలెక్కాం. ఆమె నా ఎదురుగా కిటికీ పక్కన కూర్చుంది. చున్నీ మొహం మీదికి లాక్కుంది. నేనేమో, డాక్టరే చెబుతాడు, నాకు చెప్పే బాధ తప్పుతుంది అని లోలోపల లెక్కేసుకుంటున్నాను. పెద్దపల్లి దాటాక చున్నీ తీసింది. బడిలో పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"గిట్ల చెప్త. సార్, మా బాపు మంచిగున్నడు. పొద్దున లేసి నడుస్తడు, నీళ్ళు పడ్తడు, కూలర్ ఆయనే నింపుతడు. ఆయనకు ఏ రోగం లేదు. ఎవలో చెప్పిన మాటలు విని వచ్చిండు, మీరు మందలిచ్చి పంపుండ్రి. ఏం బాపూ, నేనన్నదాంట్ల అబద్ధమేమన్న ఉన్నదా?"

"చెప్పు బిడ్డా, అట్లనే చెప్పు" అన్నాను. "ఆ డాక్టరు 'అవునమ్మా, ఏ రోగం లేదు' అన్నడనుకో, నాకంటె సంతోషపడేటోడు ఈ రైల్ల ఉండడు."

చాయ్ అమ్మే అతను మా మధ్యలోంచి పోయాడు. అతను పోయేదాకా ఆమె నన్నే చూస్తూ ఉంది.

"ఏమన్నవ్?"

చెప్పాను. ఈసారి ఊదుకోవడానికి చేతిలో చాయ్ లేదు. గడ్డ అనీ, క్యాన్సర్ అనీ, పాకలేదనీ, వచ్చే వారం కోస్తారనీ, పొట్ట మీద సంచీ పెడతారనీ చెప్పాను. జమ్మికుంట వచ్చింది, పోయింది. ఆమె కాళ్ళ దగ్గరున్న అన్నం డబ్బాల సంచిని చూస్తూ కూర్చుంది.

"అందుకేనా కారం తక్కువెయ్యమన్నది?"

"ఊఁ."

చెయ్యెత్తి నా మోకాలి మీద ఒక్కటి వేసింది. గట్టిగానే తగిలింది. ఆ చెయ్యి మళ్ళీ తీయలేదు.

కాజీపేటలో రైలు ఆగినప్పుడు ఫోన్ తీసి సారవ్వకు కలిపింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. అవతల సారవ్వ గొల్లుమనడం నా సీటు దాకా వినిపించింది. ఫోన్ పెట్టేశాక నాకు కోపం ఆగలేదు.

"ఎందుకు చెప్పినవ్? ఇగ చూడు, ఊరంత వస్తరు. అమ్మ అప్పుడు ఎంత గోస పడ్డవు? చాయ్ పెట్టీ పెట్టీ చేతులు కాలినయి నీయి. అది మళ్ళ వద్దనే గదా నేను..."

"ఎవలన్నరు గోస అని?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "అప్పుడు వాళ్ళు రాకపోతే నేను పిచ్చిదాన్నయితుంటి బాపూ. వంటింట్ల చాయ్ పెట్టుకుంట నిలబడితే, మనుషుల సప్పుడు వినపడేది. సారత్త వచ్చి నా ఎనుక నిలబడి జడేసేది. నువ్వేమో అమ్మ గదిల తలుపేసుకుని కూసునేటోనివి. ఇప్పుడు నాకొక్కదానికే చెప్పి నన్ను గూడ నోరు మూసుకొమ్మంటవా? నాతోని కాదు."

నాలుగేళ్ళుగా ఆ చాయ్ గిన్నెను చూసి నేను పడిన బాధంతా నా ఒక్కడిదేనన్నమాట.

*

దవాఖానలో డాక్టరుతో మాట్లాడి, రాత్రి ఇంటికి చేరేసరికి పోశం మా గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు గాని దగ్గరికి రాలేదు.

"నన్ను చెప్పుతోని కొట్టు బావా."

"ఊకో పోశం."

"నువ్వు నిజం చెప్తే నేను చప్పట్లు కొట్టిన. మళ్ళొక్కసారి చెప్పుమన్న. నేను మనిషినేనా?" అని, అంతలోనే గొంతు పెంచాడు. "నువ్వు గూడ ఎసుంటోనివి! క్యాన్సర్ అని చెప్పేటోడు చాయ్ ఊదుకుంట చెప్తడా? కాలర్ పట్టుకుని చెప్పాలె గదా! నవ్వుతే ఒక్కటి గుంజి కొట్టాలె గదా! లేశి ఉరికినవ్!"

హర్షిణి వెనక నుంచి, "అడుగు మామా, ఇంకా అడుగు" అంది.

నేను భయపడ్డదంతా జరిగింది. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు కుప్పలు పడ్డాయి. ఎవరికి ఎక్కడ గడ్డ లేచిందో, ఎవరు ఎన్ని నెలలు బతికారో నాకు చెప్పారు. ఒకాయన ఆకుపసరు తెచ్చాడు, ఇంకొకామె తాయెత్తు తెచ్చింది. నేను విసుక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. అలా పడుకున్నాక శోభ కూడా ఇలా తిరిగేది కదా అని గుర్తొచ్చి, మళ్ళీ ఇటు తిరిగాను. చావు ముచ్చట్లు మితిమీరితే సారవ్వ చీపురు పట్టుకుని వచ్చి, "ఊడ్వాలె, లేవుండ్రి లేవుండ్రి" అని అందర్నీ లేపేది. రోజులో ఎన్నిసార్లు ఊడ్చిందో ఆ ఇల్లు.

ఆపరేషన్ రోజు పోశం ఒక జీపు నిండా మనుషుల్ని దింపాడు. రక్తం ఎవరివ్వాలని దవాఖాన మెట్ల మీద వాళ్ళలో వాళ్ళకే పంచాయితీ. ఎల్లేశానికి రక్తం తక్కువుందని తిప్పి పంపితే, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా అలిగి కూర్చున్నాడట. బల్ల దగ్గరి నర్సమ్మ నన్ను చూసి, "తోడు లేదన్నారు?" అంది. పెన్సిల్ రాత చెరిపి, పెన్నుతో రాసింది.

గడ్డ మొత్తం తీశామన్నారు. జూన్ మొదటి వారంలో ఇంటికొచ్చాను. మిరుగం రోజు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, కాలనీలో ఇంటింటా చేపల కూర. పద్ధతి ప్రకారం మా ఇంటికీ గిన్నెలు వచ్చాయి, నేను తినకూడదు. మంచం మీద గంజి తాగుతూ ఆ వాసన పీలుస్తూ పడుకున్నాను. చూడ్డానికి వచ్చిన ఎల్లేశం, అంత సేపు ఓపిక పట్టి, చివరికి ఆగలేక అన్నాడు.

"ఏమన్నా, ఇగ బోర్డుకు నిజంగనే పోవచ్చు గదా!"

గదిలో అందరూ అతని వైపు గుర్రుగా చూశారు. నాకు నవ్వొచ్చింది. కుట్లు లాగి, నవ్వు మధ్యలోనే అమ్మా అన్నాను.

"పరీక్ష రాసినంక మాట్లాడుదాం కాకా" అంది హర్షిణి. ఆ మాటలో కోపం లేదు, ఒప్పుకోలూ లేదు.

*

నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ సంచీ. హర్షిణి మార్చేది. మార్చినంతసేపూ నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. టెట్ పరీక్ష కేంద్రం కరీంనగర్‌లో పడింది, ముందు రోజే పోయి స్నేహితురాలింట్లో ఉండాలి. పోనంది. పొమ్మన్నాను. నేను చూసుకోగలనన్నాను. సారవ్వ వచ్చి అన్నం పెట్టి పోయింది, ఇంకేమన్నా కావాలా అని అడిగింది. ఏమీ వద్దన్నాను.

చీకటి పడ్డాక సంచీ అంచు ఊడింది. నేను లేచి కూర్చునేసరికే లుంగీ, దుప్పటి పాడయ్యాయి. వంగితే కుట్లు గుచ్చుతున్నాయి. కొత్త సంచీ అల్మారాలో ఉంది, లేవడానికి కాళ్ళు సహకరించడం లేదు. బయట వాన పడుతోంది. గోడ అవతల పోశం ఇంట్లో టీవీ మోగుతోంది. తెల్లారేదాకా ఇట్లాగే కూర్చుంటే ఏమవుతుందని ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ఆ మనిషిని పిలిచి ఈ స్థితిలో నన్ను చూపించుకోవడం కంటే అదే నయమనిపించింది.

"పోశం" అన్నాను.

నాకే వినిపించలేదు. టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

"పోశం!" గోడ మీద అరచేత్తో కొట్టాను. "జర రావయ్యా, నాతోని కాదు!"

టీవీ ఆగింది. చెప్పుల్లేకుండానే వచ్చాడు. ఒకసారి చూసి, లుంగీ పైకి కట్టి, ఏమీ అడగకుండా బకెట్లో నీళ్ళు తెచ్చాడు. పని చేస్తున్నంతసేపూ నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఆ సంచీ ఇటియ్యి. ఇది ఎట్ల పెట్టాలె? ఇట్లనా? నువ్వు చదువుకున్నోనివి గదా, చెప్పు... మొహం అటు తిప్పుతవేంది, నేనేమన్న కొత్త పెండ్లికొడుకునా?"

"తడి తుడువు ముందు. తడి మీద అంటుకోదు."

"ఆ, గిట్ల చెప్పాలె."

సబ్బు ఎక్కువ పూశాడు. నేలంతా తడి చేశాడు. దుప్పటి తలకిందులుగా పరిచాడు. నాకు అడుగడుగునా చిరాకేసింది, ప్రతిదీ సరిచేయబోయాను, అతను దేన్నీ సరిగ్గా వినలేదు. ఎట్లాగో సంచీ అంటుకుంది. పాడైన బట్టలన్నీ బకెట్లో వేసి పెరట్లో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఇగ పండుకో. నేను వరండాల మంచమేసుకుంట."

"ఎందుకు, ఇంటికి పోరాదు" అనబోయాను. అనలేదు. "దోమలుంటయి, దుప్పటి తీస్కపో" అన్నాను.

దుప్పటి భుజాన వేసుకుని, ఫ్యాను ఒక చుట్టు తగ్గించి, లైటు ఆర్పాడు. గుమ్మం దాటాక, నేను అప్పుడే నిద్రపోయాననుకున్నాడేమో, వానకు ఉబ్బి బిగుసుకున్న ఆ తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.